ఎక్కడా ఆటో ఎక్కలేదు

రాయడం నాకు అలవాటు లేదు. ఐదో తరగతితో బడి మానేసి పోర్టులో కళాసీ పనికి వెళ్లినవాణ్ని. పేపరు కూడబలుక్కుని చదువుతాను, సంతకం పెడతాను. అంతకు మించి పెన్ను పట్టింది తక్కువ. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

మా అత్త ఉండగా ఇది రాయలేకపోయాను. ఆమెకి చదువు రాదు. కానీ ఎవరైనా చదివి వినిపిస్తారేమోనని భయం. ఇప్పుడు ఆమె లేదు. "నా తమ్ముడి సంగతి దగ్గరుండి సూసినోడివి నువ్వే గదా, నువ్వే రాయి" అని మా ఆవిడ అంటే కూర్చున్నాను.

మా ఆవిడ తమ్ముడు, అంటే మా బామ్మర్ది, మిలిటరీలో చేరి ట్రైనింగ్ పూర్తవకుండానే ఇంటికి వచ్చేశాడు. వాళ్లమ్మ నాకు పెళ్లికి ముందు నుంచీ అత్తే, మా అమ్మ తమ్ముడి భార్య. మావయ్య పోర్టులో పనిచేస్తూనే గుండెపోటుతో పోయాడు. అప్పటికి బామ్మర్దికి మీసం కూడా రాలేదు. గోపాలపట్నంలో రెండు గదుల ఇల్లు. అత్త పొద్దున్నే గుమ్మం పక్కన పెనం పెట్టి అట్లు వేసి అమ్మేది. ఆ అట్లతోనే పిల్లలిద్దరూ పెరిగారు.

తొంభైల్లో మా వైపు కుర్రాళ్లు పదో తరగతి అవగానే మిలిటరీ అనేవారు. స్టీల్‌ప్లాంట్‌లో కాంట్రాక్టరు కింద పనికన్నా అది గౌరవం. మావాడు తెల్లారకుండానే లేచి సింహాచలం కొండ మెట్లు పరిగెత్తుకుంటూ ఎక్కి, పరిగెత్తుకుంటూ దిగేవాడు. దిగుతున్న భక్తులు పక్కకి తప్పుకుని "ఏట్రా, ఎనకాల పులొస్తందా?" అని నవ్వేవారు. చెమటతో ఇంటికొచ్చి అత్త పెనం మీదున్న అట్టు తీసి నోట్లో పెట్టుకుని, వేడికి ఎగిరేవాడు. ఆ కాళ్లు నాకిప్పటికీ కళ్లలో ఉన్నాయి.

మొదటిసారి సెలక్షన్‌కి వెళ్లి పరుగులో వెనకబడ్డాడు. రెండోసారి వెళ్లినప్పుడు అత్త కూడా వచ్చింది. గ్రౌండ్ లోపలికి ఆడవాళ్లని రానివ్వరు. గేటు బయట పెరుగన్నం డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేను పక్కన నిలబడ్డాను. లోపల విజిల్ వినబడగానే ఆమె సింహాచలం వైపు తిరిగి చేతులు జోడించింది.

"అప్పన్నా, నా గుంటడికి ఈపాలి ఉద్యోగం ఇప్పించీ. ఆడి కాళ్లతోనే నీ కొండ సుట్టూ నడిపిత్తాను."

పక్కన కూర్చున్న ఇంకో కుర్రాడి తల్లి విని అంది, "ఆడి కాళ్లెందుకమ్మా, నీ కాళ్లు మొక్కుకోకపోయావా?"

"నావేటి, ముసిలి కాళ్లు. సామికి ఇచ్చేటప్పుడు మంచివి ఇవ్వాల గదా" అంది అత్త.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. ఆషాఢ పున్నానికి సింహాచలం కొండ చుట్టూ నడవడం మా వైపు పెద్ద మొక్కు. గిరిప్రదక్షిణ అంటారు. ముప్పై కిలోమీటర్ల పైనే ఉంటుంది. కొండ కింద కొబ్బరికాయ కొట్టి, చెప్పులు లేకుండా బయలుదేరి, సముద్రంలో మునిగి, ఊరంతా తిరిగి మళ్లీ కొండ కిందికే రావాలి. దారిలో ఎక్కడైనా బండి ఎక్కితే అప్పటిదాకా నడిచిందంతా పోయినట్టే. అలా ఎక్కడమంటే మావాళ్లకి అసలు నడవకపోవడం కన్నా తప్పు.

ఆ రోజు బామ్మర్ది పాసయ్యాడు. తర్వాత మెడికల్‌లోనూ, పరీక్షలోనూ పాసయ్యాడు. రైలెక్కించిన రోజు అత్త ప్లాట్‌ఫారం మీద ఏడవలేదు. బండి కదిలాక "మొక్కు గుర్తెట్టుకోరా" అని అరిచింది.

ఆరేడు నెలలకి చేతిలో కర్రతో వచ్చాడు. జుట్టు కత్తిరించేసి, మనిషి నల్లబడి, భుజాలు వెడల్పయ్యాయి. కర్ర లేకపోతే చూడముచ్చటగా ఉండేవాడు.

"ఏటయింది రా?" అన్నాను.

"ఏటీ నేదు బావా. ఈపు మీద బరువుతో పరుగులు పెట్టిస్తారు గదా. గజ్జల్లో నొప్పొచ్చింది. సెపితే ఎనకొచ్చే బేచీలో ఏసేత్తారని సెప్పనేదు. ఓ రోజు పరేడులో కూలబడిపోనాను. అప్పుడు ఆసుపత్రికి పంపారు. ఎక్స్‌రేలో సరిగ్గా ఏటీ కనబళ్లేదట. నెల్లాళ్లు ఇంటి దగ్గర రెస్టు తీసుకుని రమ్మన్నారు. ఎల్లాక మళ్లీ తీత్తారు."

ఆసుపత్రిలో బాగా చూసుకున్నారని కూడా చెప్పాడు. మంచం, పాలు, గుడ్డు, మందులు అన్నీ వాళ్లవే. ట్రైనింగ్‌లో ఉన్నవాడికి దెబ్బ తగిలితే నయమయ్యేదాకా పూచీ వాళ్లదేనట. "మన ఇంట్లో కన్నా బాగా సూసారు బావా" అన్నాడు. అత్త విని మూతి ముడిచింది.

అత్తకి కర్ర కనబడలేదు. ఆమెకి కనబడింది ఆషాఢమాసం. "సెలవు ఇప్పుడే ఎందుకు దొరికింది? అప్పన్నే రప్పించుకున్నాడు" అంది.

పున్నం దగ్గర పడేసరికి నొప్పి బాగా తగ్గింది. కర్ర గోడకి ఆనించేశాడు. ముందురోజు నేను వెళ్లి అడిగాను.

"కాలెలాగున్నాది?"

"బాగానే ఉంది. మెట్లెక్కితే కొద్దిగా పట్టేత్తాది."

"మరి అంత దూరం నడుత్తావేటి?"

వాడు నవ్వాడు. "ఈపు మీద మూట నేదు, సేతిలో తుపాకీ నేదు, ఎనకాల అరిసి పరిగెత్తించే ఉస్తాద్ నేడు. దారి పొడుగునా పులిహోర పెడతారు, మజ్జిగ పోత్తారు. ఇదీ ఓ నడకేనా బావా!"

పొద్దున్నే అడివివరంలో కొబ్బరికాయ కొట్టి బయలుదేరాం, వాడూ నేనూ. అత్తకి మోకాళ్ల నొప్పులు. గోపాలపట్నం రోడ్డు మీద మజ్జిగ కుండ పెట్టుకుని నడిచేవాళ్లకి పోస్తానంది. ముడసర్లోవ దాకా వాడే ముందు, నేను వెనక. హనుమంతవాక దాటాక పక్కపక్కనే నడిచాం. అప్పుఘర్ దగ్గర సముద్రంలో మునిగి లేచేటప్పుడు అల తోస్తే నా భుజం పట్టుకున్నాడు. గట్టున పడ్డాక కూడా ఆ చెయ్యి వెంటనే తియ్యలేదు.

మద్దిలపాలెం వచ్చేసరికి వాన. డిపో బయట ఎవరో టెంటు వేసి ఉప్మా పెడుతున్నారు. తినడానికి ఆగితే వాడు కూర్చోలేదు.

"కూకుంటే మళ్లీ లెగలేనేమో" అన్నాడు.

"ఆటో పిలవమంటావేటి?"

మా పక్కన ఉప్మా తింటున్న ముసలమ్మ వినేసింది. "ఆటో ఏటి బాబూ? నాను నడుత్తన్నాను, కుర్రోడికేటొచ్చింది రోగం!"

వాడు ఆమెకి నవ్వుతూ దండం పెట్టాడు. నాతో మాత్రం మెల్లిగా అన్నాడు, "అమ్మ అడుగుతాది బావా. మొట్టమొదట అదే అడుగుతాది."

మాధవధార దాటాక వాడు మాట్లాడడం మానేశాడు. కింది పెదవి పళ్ల మధ్య పెట్టుకుని నడిచాడు. గోపాలపట్నంలో అత్త ఎదురొచ్చింది. కొడుకు కుంటుతున్నాడని ఆమెకి అనుమానం రాలేదు. గోపాలపట్నం దాకా వచ్చినవాళ్లలో కుంటనివాడు ఎవడుంటాడు? అందరి అరికాళ్లూ పొక్కులే. మజ్జిగ గ్లాసు చేతికిచ్చి అడిగింది.

"ఎక్కడా ఎక్కనేదు గదా?"

"నేదమ్మా."

ఆమె మొహం ఎంత వెలిగిందో నాకు రాయడం చేతకాదు. మజ్జిగ కుండ పక్కింటావిడకి అప్పగించి, ఆఖరి ముక్క మాతోపాటు నడిచింది. కొండ కింద దీపం పెట్టి, కొడుకు కాళ్ల మీది మట్టి తీసి తన కళ్లకి అద్దుకుంది.

మర్నాడు పొద్దున్న పళ్లు తోముకోడానికి వెళ్తూ వాడు గుమ్మం మెట్టు దిగాడు. ఒక్కటే మెట్టు. లోపల ఏదో విరిగిన చప్పుడైందని తర్వాత నాతో చెప్పాడు. అత్త పెనం పక్కనే పడిపోయాడు. లేవలేకపోయాడు.

మిలిటరీ వాళ్లని కూడా చూసే నేవీ ఆసుపత్రి గేటు దగ్గర వాడి కార్డు చూపించగానే స్ట్రెచర్ తెచ్చారు. ఒక్క మాట అడగలేదు. తుంటి కీలు దగ్గర ఎముకలో ముందే చిన్న బీట ఉందనీ, అది ఇప్పుడు పూర్తిగా విడిపోయిందనీ డాక్టరు చెప్పాడు. ఆపరేషన్ చేసి స్క్రూలు వేశారు.

మా అత్త వాళ్ల వీధిలో రిటైరైన సుబేదారు ఒకాయన ఉండేవాడు. ఆయన ఆసుపత్రికొచ్చి అంతా విని, నన్ను బయటికి తీసుకెళ్లాడు.

"కుర్రాడికి మెడికల్ బోర్డు పెడతారు. ఇంక పనికిరాడని తేలితే ఇంటికి పంపేత్తారు. పంపేటప్పుడు ఈ దెబ్బ ట్రైనింగ్ వల్లే అని రాత్తే, కార్డిచ్చి బతికినంతకాలం మిలట్రీ ఆసుపత్రిలో సూత్తారు. నెలనెలా ఎంతో కొంత పింఛనూ వత్తాది. సెలవులో ఇంటి కాడ తగిలిందని రాసారా, ఏటీ రాదు. అర్థమయిందా?"

"ముందు బీట ట్రైనింగ్‌లోదే గదండీ."

"అదే నాను సెప్పేదీ. మెట్టు దిగుతుంటే విడిపోయిందంటే, బీట వల్లే అంటారు. కొండ సుట్టూ నడిసాడంటే, ఆ నడక వల్లే అంటారు. సెలవులో జరిగింది గనక మనిసొచ్చి ఇంట్లోవాళ్లని అడుగుతాడు. నడక ఊసు ఎత్తకండి. ముఖ్యంగా మీ అత్తకి సెప్పు."

మంచం మీద నుంచి బామ్మర్ది కూడా అదే చెప్పాడు. "మెట్టు మీద పడ్డానని సెప్పమను బావా. అది అబద్ధం కాదు గదా."

అత్తకి మేమందరం చెప్పాం. మా ఆవిడ చెప్పింది, నేను చెప్పాను, సుబేదారుగారు కూర్చోబెట్టి చెప్పారు. "అలాగే, నానెత్తను" అంది.

ఒక రోజు హవల్దారు ఒకాయన ఫైలు పట్టుకుని వచ్చాడు. తెలుగువాడే. మర్యాదస్తుడు. అత్త వేసిన అట్టు తిని, చెయ్యి కడుక్కుని, కుర్చీలో కూర్చుని రాయడం మొదలుపెట్టాడు. సుబేదారుగారు, మా ఆవిడ, నేను చుట్టూ నిలబడ్డాం.

"అమ్మా, అబ్బాయికి దెబ్బ ఎలా తగిలింది?"

"మెట్టు దిగుతుంటే పడ్డాడు బాబూ. ఇదిగో, ఈ మెట్టే."

ఆయన లేచి మెట్టు చూశాడు, రాసుకున్నాడు. మాకు ఊపిరి తిరిగింది.

"ముందురోజు ఇంట్లోనే ఉన్నాడా?"

 అత్త గోడ మీద చందనం పూతతో ఉన్న అప్పన్న పటం వైపు చూసింది.

"ముందురోజు పున్నం బాబూ" అంది.

హవల్దారు పెన్ను ఆగిపోయింది. ఆయనకి అర్థమైపోయింది. ఫైలు మూసినంత పని చేసి, నెమ్మదిగా, చిన్నపిల్లకి చెప్పినట్టు అన్నాడు.

"పున్నమైతే జనం నడుస్తుంటారు కదా. రోడ్డు దాకా వెళ్లి చూసి వచ్చేసుంటాడు. అంతేనా అమ్మా?"

సుబేదారుగారు దగ్గారు. మా ఆవిడ కళ్లతో బతిమాలింది.

"సూడ్డానికేటి? నడిసాడు."

"కొంత దూరం నడిచి, కాలు నొప్పని ఆటో ఎక్కేసి ఉంటాడు. గుర్తు తెచ్చుకో అమ్మా. తొందరేం లేదు."

అత్త మొహం ఎర్రబడింది. తన కొడుకుని దొంగ అన్నవాణ్ని చూసినట్టు చూసింది ఆయన్ని.

"ఏ ఊరు బాబూ నీది?"

"నరసన్నపేట దగ్గరమ్మా."

"మన పక్కోడివే. మరి నీకు తెలీదేటి? దారి మద్దిలో ఆటో ఎక్కితే మొక్కు సెల్లుతాదా? నా కొడుకు ఎక్కడా ఆటో ఎక్కనేదు. ఒట్టికాళ్లతో కొండంతా సుట్టొచ్చాడు. రాసుకో."

 ఆయన తల వంచుకుని రాశాడు. చదివి వినిపిస్తే అత్త అవునంటూ తలూపి వేలిముద్ర వేసింది. ఆయన్ని వీధి చివరిదాకా దిగబెట్టాను. సైకిల్ స్టాండు తీస్తూ అన్నాడు, "అన్నా, నాకు చేతనైన దారి చూపించాను. ఏం చెయ్యను. మా అమ్మైనా ఇదే చెప్తాది."

ఇంటికి తిరిగొచ్చేసరికి మా ఆవిడ గొడవ పడుతోంది. "ఎత్తొద్దని అందరం సెప్పాం గదే!"

"నానెత్తనేదు. ఆడే ఎత్తాడు. ఎత్తినాక నేదనమంటావేటి? నేదంటే ఆ నడక నేకుండా పోతాది. తీరిన మొక్కు తీరనట్టయిపోతాది. అప్పుడది ఎవుడి మీద పడతాది? ఆసుపత్రిలో పడున్నోడి మీదే గదా!" అని అత్త ఏడ్చింది. "ఆడి కాలు బాగవ్వాలంటే ఆ నడక ఉండాలే."

 

ఆ సాయంత్రం ఆసుపత్రికి వెళ్లాను. "ఏటి సెప్పింది?" అన్నాడు బామ్మర్ది.

"ఎక్కడా ఆటో ఎక్కనేదని సెప్పింది."

వాడు నవ్వాడు. మంచం కదిలేలా నవ్వాడు. పక్క మంచం నావికుడు కూడా ఎందుకో తెలియకుండానే నవ్వాడు. తర్వాత మావాడు దుప్పటి మొహం మీదకి లాక్కున్నాడు. దుప్పటి లోంచే అన్నాడు, "బావా, ఏటీ రాకపోతే అది తన మాట వల్లేనని అమ్మకి ఎప్పుడూ తెలీకూడదు. అక్కకి కూడా సెప్పు."

బోర్డు అయింది. వాణ్ని ఇంటికి పంపేశారు. కాగితం ఇంగ్లీషులో ఉంటే సుబేదారుగారు చదివి, మడిచి, నా జేబులో పెట్టారు. "సెలవులో, ఇంటి దగ్గర" అన్నారంతే. ఆయనే అప్పీలు రాశారు. అది కూడా తిరిగొచ్చింది. అత్తకి మాత్రం కాగితాలు ఢిల్లీలో ఉన్నాయని చెప్పాం.

ఏడాది తిరిగేసరికి కాలు మళ్లీ నొప్పెట్టడం మొదలైంది. అప్పుడు స్ట్రెచర్ తెచ్చిన గేటుకే తీసుకెళ్లాను. కాపలా కుర్రాడు కార్డు అడిగాడు. బామ్మర్ది వయసే ఉంటుంది. కార్డు లేదని చెప్తే, తప్పు తనదైనట్టు తల దించుకుని "సారీ భయ్యా" అన్నాడు. మావాడు వాడికి సెల్యూట్ కొట్టి వెనక్కి తిరిగాడు. నాకు ఆ రోజు ఏడుపొచ్చింది, ఈ రోజు రాస్తుంటే కూడా.

పెద్దాసుపత్రిలో చూసి, ఎముకకి రక్తం అందక ఎండిపోయిందన్నారు. కీలు తీసి కొత్తది పెట్టాలట. అది మిలిటరీ ఆసుపత్రిలో అయితే ఊరికే జరిగే పని. మాకు అయ్యే పని కాదు. కాలు పొట్టిదైపోయింది. తుంటి వంగదు, కింద కూర్చోలేడు.

వికలాంగుల కోటాలో గోపాలపట్నం రోడ్డు మీద ఎస్‌టీడీ బూత్ వచ్చింది. ఎత్తు స్టూలు మీద కాలు చాపుకుని కూర్చునేవాడు. పెళ్లి మాట ఎత్తితే "ముందు కార్డు రానీండి" అని నవ్వేసేవాడు. ఒక ఆషాఢంలో అత్త బూత్ ముందు నిలబడి, కొండ వైపు తిరిగి చేతులు జోడించింది.

"అప్పన్నా, నా కొడుక్కి మిలట్రీ ఆసుపత్రి కార్డు ఇప్పించీ..."

వాడు లోపల్నుంచి అందుకున్నాడు. "ఈపాలి నీ కాళ్లు మొక్కుకోవే అమ్మా. నావి అయిపోనాయి."

వాడు వేళాకోళానికే అన్నాడు. ఆమె నిజంగానే తీసుకుంది. కార్డు వచ్చేదాకా ఆగలేదు. ఆ యేడే మోకాళ్లకి గుడ్డలు కట్టుకుని నడిచింది. తర్వాత ప్రతి యేడూ నడిచింది. సెల్‌ఫోన్లు వచ్చి బూత్‌కి జనం తగ్గిపోయారు. వాడు రీచార్జి కార్డులు అమ్మడం మొదలుపెట్టాడు. అప్పుడు కూడా నడుస్తూనే ఉంది. ప్రతి పున్నానికీ వాడు బూత్ ముందు మజ్జిగ కుండ పెట్టుకుని, మద్దిలపాలెం వైపు నుంచి వచ్చే జనంలో ఆమె చీర కోసం చూసేవాడు.

ఆఖరిసారి నడిచినప్పుడు నేనూ మా ఆవిడా బూత్ దగ్గరే ఉన్నాం. అత్త వచ్చి వాడి స్టూలు మీద కూర్చుంది. అరికాళ్లు పొక్కులెక్కి చితికిపోయాయి. వాడు వంగలేడు కాబట్టి నిలబడి చెంబుతో నీళ్లు పోశాడు. మా ఆవిడ కాళ్లు కడిగింది.

"కార్డు కబురేటైనా వచ్చిందేట్రా?"

"వస్తాదమ్మా. ఢిల్లీలో ఉన్నాదట."

"వస్తాది. సూడు, నానూ ఎక్కడా ఆటో ఎక్కనేదు."

"తెలుసమ్మా" అన్నాడు.

మజ్జిగ తాగి, గ్లాసు వాడి చేతికిచ్చి లేచింది. కొండ కింద దీపం పెట్టాలి, ఇంకా దూరం ఉంది. మా ఆవిడ తోడు వెళ్లింది. జనంలో కలిసిపోయేదాకా వాడు చూస్తూ నిలబడ్డాడు. తర్వాత ఎవరో కుర్రాడు కుంటుకుంటూ వచ్చి చెయ్యి చాపితే, కుండలో గ్లాసు ముంచి మజ్జిగ ఇచ్చాడు.

"కాలు బాగా నొప్పెడతందా?" అని అడిగాడు ఆ కుర్రాణ్ని. "నొప్పెడితే ఆటో ఎక్కీరా. మీ అమ్మకి నాను సెపుతాను."